పడక లేని లారీలు



మద్రాసు–కలకత్తా ట్రంకు రోడ్డు పక్క ఊళ్లలో పెరిగినవాళ్లకు లారీని కళ్లతో చూడక్కర్లేదు, చప్పుడు వింటే చాలు. బెంజి లారీది ఒక మోత, లేలాండ్‌ది ఇంకో మోత. మలుపు తిరగకముందే పేరు చెప్పి పందెం గెలిచిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. నేనూ ఆ పిల్లల్లో ఒకణ్ణి. ఆ లేలాండ్ అనేది ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతంలో ఒక చిన్న ఊరని మాలో ఎవరికీ తెలియదు. ఈ పూట ఆ ఊరి లారీల గురించి, వాటితో పోటీపడిన బ్రిటిష్ లారీల గురించి, వాటిని లండన్ నుంచి టెహ్రాన్ దాకా, కాబూల్ దాకా, దోహా దాకా తోలుకుపోయిన డ్రైవర్ల గురించి చెప్పుకుందాం.

ముందు బండ్ల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో దాదాపు ప్రతి పారిశ్రామిక పట్టణానికీ సొంత లారీ ఉండేది. లేలాండ్ కంపెనీ 1896లో ఆవిరి బండ్లతో మొదలైంది. లండన్ పక్కన సౌతాల్‌లో ఏఈసీ ఉండేది. లండన్ ఎర్ర బస్సులు చేసింది వాళ్లే. వుల్వర్‌హాంప్టన్‌లో గై కంపెనీ. దాని బండి రేడియేటరు మూత మీద ఈకల తలపాగా పెట్టుకున్న అమెరికా ఆదివాసి నాయకుడి తల ఉండేది. వాట్‌ఫర్డ్‌లో స్కామెల్, ల్యూటన్‌లో బెడ్‌ఫర్డ్, ప్రెస్టన్‌లో అట్కిన్సన్. అట్కిన్సన్ మూతి మీద గుండ్రటి చట్రంలో పెద్ద ‘ఏ’ అక్షరం దూరం నుంచే కనబడేది.

చెషైర్‌లో శాండ్‌బాక్ అని ఒక చిన్న పట్టణం. అక్కడ ఒకే కుటుంబం నుంచి రెండు లారీ కంపెనీలు పుట్టాయి. ఫోడెన్ కుటుంబం ఆవిరి లారీలకు పెట్టింది పేరు. రాబోయేది డీజిలు కాలమని ఆ ఇంటి బిడ్డ ఎడ్విన్ రిచర్డ్ ఫోడెన్ పట్టుబట్టాడు. కంపెనీలో ఆయన మాట చెల్లలేదు. బయటికొచ్చి 1933లో తన పేరులోని పొడి అక్షరాలతోనే ఈఆర్‌ఎఫ్ అని కంపెనీ పెట్టి డీజిలు లారీ చేశాడు. చివరికి ఫోడెన్‌వాళ్లూ డీజిలు దారికే వచ్చారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఒకే ఊళ్లో రెండు ఫ్యాక్టరీలూ పోటాపోటీగా నడిచాయి.

గ్లాస్గోలో తయారైన ఆల్బియన్‌కూ మనకూ పాత చుట్టరికమే. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. ఆ బస్సులు ఆల్బియన్‌వే. ఈనాటి మన ఆర్టీసీలకు మూలం అక్కడే ఉంది.

ఈ బ్రిటిష్ లారీల్లో చాలావాటికి గుండెకాయ గార్డ్‌నర్ ఇంజను. మాంచెస్టర్ దగ్గర పాట్రిక్రాఫ్ట్‌లో తయారయ్యేది. 1950ల చివర వచ్చిన 6ఎల్‌ఎక్స్ అనే రకానికి ఆరు సిలిండర్లు, పదిన్నర లీటర్లకు కాస్త తక్కువ పరిమాణం, 150 గుర్రాల శక్తి. నిమిషానికి 1,700 చుట్లు తిరగడమే దాని గరిష్ఠ వేగం. ఈనాడు రోడ్డు మీద కనబడే పెద్ద లారీలకు నాలుగైదు వందల గుర్రాల శక్తి మామూలైపోయింది కదా, వాటి ముందు ఇది లెక్కలోకి రాదు. కానీ గార్డ్‌నర్ తాగే డీజిలు తక్కువ, చెడిపోవడం అరుదు, ఆయుష్షు ఎక్కువ. నింపాదిగా తిరిగే ఇంజను కాబట్టి అరుగుదలా నింపాదిగానే ఉండేది. లారీ యజమానులు ఈ ఇంజను కోసం వరసలో నిలబడి మరీ కొనుక్కునేవారు.

ఇంజను మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు దాని పక్కన కూర్చునే మనిషిని దాదాపు మరిచిపోయారు. నేను ఈ పూట చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. ఆనాటి క్యాబిన్ చాలావరకు వడ్రంగి పని. బలమైన కర్రతో చట్రం కట్టి, దాని మీద అల్యూమినియం రేకులు కొట్టేవారు. తర్వాతి రోజుల్లో ఫైబర్‌గ్లాసు వచ్చింది. ఇంజను క్యాబిన్ నడిమధ్యలో మూపురంలా లేచి ఉండేది. డ్రైవరు ఒక పక్క, ఆ మోత ఒక పక్క. చాలా బండ్లలో హీటరు కూడా డబ్బులిచ్చి విడిగా పెట్టించుకోవలసిన సరుకే. పడక అయితే అసలు లేదు.

దీనికి కారణం లేకపోలేదు. బ్రిటన్ ఒక దీవి. లండన్‌లో లోడెత్తి గ్లాస్గో వెళితే అదే చాలా దూరం, అదీ 650 కిలోమీటర్లే. పైగా 1957 దాకా బరువు లారీలకు గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు మించి పోకూడదని చట్టం ఉండేది. డ్రైవరు పగలంతా తోలి, చీకటి పడ్డాక ఏదో ఊళ్లో బస చేసేవాడు. లారీ డ్రైవర్లకు మంచాలు అద్దెకిచ్చే ఇళ్లు ప్రతి పెద్ద ఊళ్లో ఉండేవి. ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు. పొద్దున్నే టీ, గుడ్డు, రొట్టె పెట్టి పంపేవారు. దారిలో రోడ్డు పక్క హోటళ్లు సరేసరి. ఉత్తర ఇంగ్లండులో షాప్ కొండ మీదుగా పోయే పాత ఏ6 రోడ్డు మన ఘాట్ రోడ్లకు తీసిపోదు. ఆ దారిలో జంగిల్ కఫే అని డ్రైవర్లందరికీ తెలిసిన హోటలు ఉండేది. మంచు కురిసి దారి మూసుకుపోతే లారీలన్నీ అక్కడే. 1970లో షాప్ మీదుగా ఎం6 మోటార్‌వే తెరిచాక ఆ పాత దారికి పని తగ్గిపోయింది.

మంచం ఊళ్లో దొరుకుతున్నప్పుడు లారీలో మంచం దేనికి? లారీ చేసేవాళ్ల లెక్క ఇది. దీవి దాటనంతకాలం ఆ లెక్క సరిపోయింది.

1964లో ఆ లెక్క తప్పడం మొదలైంది. బాబ్ పాల్, మైకేల్ వుడ్‌మన్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు ఒక గై వారియర్ లారీ తీసుకుని కాబూల్‌కు బయల్దేరారు. ఓడలో వెళ్లి, రైలెక్కి, మళ్లీ లారీలోకి మారి నెలల తరబడి సాగే సరుకు రవాణా ఒకే బండిలో నేరుగా సాగుతుందని చూపించడం వాళ్ల ఉద్దేశం. గై వారియర్ బ్రిటన్ రోడ్ల కోసం చేసిన మామూలు లారీ. యూరప్ దాటి, టర్కీ, ఇరాన్ దాటి, ఏడు వేల కిలోమీటర్లకు పైబడిన దారి అది. చేరారు, తిరిగొచ్చారు. ఏషియన్ ట్రాన్స్‌పోర్ట్ అనే వాళ్ల కంపెనీ తర్వాత ఆస్ట్రాన్ అయింది.

ఆ దారి వాళ్లకంటే ముందు ప్రయాణికులకు తెలుసు. 1957 ఏప్రిల్‌లో లండన్‌లో బయల్దేరిన ఒక ఏఈసీ బస్సు జూన్‌లో కలకత్తా చేరింది. ‘ఇండియామన్’ దాని పేరు. ఒక వైపుకు టికెట్టు 85 పౌన్లు. ఆ తర్వాత హిప్పీలు కూడా అదే దారి పట్టారు. అయితే బస్సులో పోయేవాడికి దారి ఒక వినోదం. టన్నుల సరుకు తలకెత్తుకుని, దాన్ని చెప్పిన చోట దించితేనే కూలి దొరికే డ్రైవరుకు ఆ దారి వేరు.

1973 చివర్లో చమురు ధరలు నాలుగింతలయ్యాయి. ఇరాన్, సౌదీ అరేబియా, కువైట్, కతార్ లాంటి దేశాల చేతికి ఊహించనంత డబ్బొచ్చింది. రోడ్లు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు, విద్యుత్ కేంద్రాలు అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. సామాను ప్రపంచమంతటి నుంచీ రావాలి. రేవులు మాత్రం పాతవి, చిన్నవి. ఇరాన్‌లోని ఖొర్రంషహర్ లాంటి రేవుల బయట ఓడలు నెలల తరబడి లంగరేసుకుని పడిగాపులు కాశాయి. అలాంటప్పుడు రెండు మూడు వారాల్లో గుమ్మం ముందు దించుతామన్న లారీవాడికి కిరాయి ఎంతైనా ఇచ్చారు. దాంతో బ్రిటన్‌లో లారీ ఉన్నవాడల్లా తూర్పు ముఖం పట్టాడు. అప్పు చేసి పాత బండి కొని, పటం ముందేసుకుని బయల్దేరినవాళ్లూ ఉన్నారు.

మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి జనం గల్ఫ్ బాట పట్టడం ఊపందుకున్నదీ ఆ దశకంలోనే. ఇద్దరినీ పిలిచింది ఒకే డబ్బు. డోవర్ రేవు నుంచి లారీలో వచ్చిన యంత్రాన్ని దోహాలోనో దమ్మాంలోనో దింపిన చేతుల్లో మనవాళ్ల చేతులూ ఉండే ఉంటాయి.

ఇక దారి. డోవర్‌లో ఫెర్రీ ఎక్కి బెల్జియంలో దిగాలి. జర్మనీ, ఆస్ట్రియా దాకా రోడ్లు బాగానే ఉండేవి. యుగోస్లావియాలో అడుగుపెట్టగానే కష్టం మొదలు. జాగ్రెబ్ నుంచి బెల్‌గ్రేడ్‌కు పోయే జాతీయ రహదారి చాలా చోట్ల రెండు వరసలదే. జర్మనీలో పనిచేసే టర్కీ కార్మికులు సెలవులకు కార్ల నిండా సామానుతో నిద్రమాని ఆ రోడ్డు మీదే ఇంటికి పరుగెత్తేవారు. ఎదురెదురు గుద్దుకోవడాలు నిత్యం. తర్వాత బల్గేరియా. అక్కడి సరిహద్దులో పని త్వరగా కావాలంటే మామూళ్లు సమర్పించుకోవాలి. మామూలు అంటే డబ్బే కానక్కర్లేదు, మార్ల్‌బరో సిగరెట్ పెట్టె చాలు. డ్రైవర్లు బయల్దేరేటప్పుడే వీటిని పెట్టెలకు పెట్టెలు కొనిపెట్టుకునేవారు.

ఇస్తాంబుల్‌లో లోంద్రా క్యాంపింగ్ అనే విడిది ఉండేది. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అక్కడ కలిసేవారు. ముందు దారి ఎలా ఉంది, ఏ కనుమ మూసుకుపోయింది, ఏ సరిహద్దులో ఎన్ని రోజులు నిలబెడుతున్నారు, ఈ సమాచారమంతా అక్కడి బల్లల మీద టీ తాగుతూ దొరికేది. 1973 అక్టోబరు 30న బాస్ఫరస్ వంతెన తెరిచారు. అంతకుముందు లారీలు ఫెర్రీ ఎక్కి ఆసియా గట్టుకు చేరవలసిందే.

అక్కణ్నుంచి బోలు కొండలెక్కి అంకారా. అక్కడ దారి చీలుతుంది. దక్షిణంగా పోతే అదానా, సిరియా, జోర్డాన్, ఆపైన సౌదీ ఎడారి. అక్కడ చమురు గొట్టాల వెంట వేసిన రోడ్డు ఉంది, ట్యాప్‌లైన్ రోడ్డు అనేవారు. తురైఫ్, బదానా, రఫ్హా అంటూ ఆ గొట్టానికి చమురు నెట్టే పంపింగ్ కేంద్రాలే దారిలో తగిలే ఊళ్లు. మిగతాదంతా ఇసుక. ఏసీ లేని క్యాబిన్, మధ్యలో ఇంజను సెగ, కింద కాగిపోయిన టైర్లు.

తూర్పుగా పోతే సివాస్, ఎర్జురుమ్, తాహిర్ కనుమ, అరరాత్ పర్వతం కిందుగా ఇరాన్ సరిహద్దు బజర్గాన్, తబ్రీజ్, టెహ్రాన్. మొత్తం సుమారు 5,500 కిలోమీటర్లు. తాహిర్ కనుమ రెండు వేల మీటర్లకు పైన ఉంటుంది. అప్పట్లో అది మట్టి రోడ్డే. చలికాలం మంచు గడ్డకట్టాక టైర్లకు గొలుసులు చుట్టుకుని, ఒకరి వెనక ఒకరు పాకుతూ ఎక్కాలి. పట్టు జారితే ఆపడానికి అంచున గోడ లేదు.

ఎర్జురుమ్ వైపు చలికాలం రాత్రుళ్లు సున్నాకు 30 డిగ్రీలు కిందికి పోవడం కొత్త కాదు. అంత చలిలో డీజిలులోని మైనం విడిపోయి, ఇంధనం చిక్కబడి, ఫిల్టరు దగ్గర అడ్డుపడుతుంది. ఇంజను ఆగిందంటే మళ్లీ అందుకోదు. అందుకని రాత్రంతా ఇంజను ఆపకుండా ఉంచేవారు. డీజిలులో కిరసనాయిలో పెట్రోలో కలిపేవారు. అప్పటికీ గడ్డకడితే ఆఖరి ఉపాయం ఒకటుంది. గుడ్డపేలికలు డీజిలులో ముంచి, ఇంధనం ట్యాంకు కిందనే మంట పెట్టడం. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది. పెట్రోలులా డీజిలు చప్పున అంటుకోదనే ధైర్యంతో చేసేవారు. మంట మరీ ఎగిస్తే గొట్టాలు, వైర్లు కాలిపోతాయి. మరీ చిన్నదైతే మైనం కరగదు. ఒకడు మంట చూస్తుంటే ఇంకొకడు ఫిల్టరు విప్పి వేడి నీళ్లు పోసేవాడు. చేతికి తొడుగు లేకుండా స్పానరు పట్టుకుంటే చర్మం ఇనుముకు అతుక్కుపోయేంత చలి అది.

లారీ వెనక పని కూడా తక్కువేం కాదు. ఆ ట్రెయిలర్లు పట్టా కప్పినవి. పట్టా అంచు పొడుగునా కన్నాలుంటాయి, ట్రెయిలరు ఒంటికి ఇనప రింగులుంటాయి. ప్రతి కన్నంలోంచీ రింగు పైకి తీసి, వాటన్నిటి గుండా ఒకే తాడు బండి చుట్టూ దూర్చాలి. తాడు మధ్యలో అతుకు ఉండకూడదు. రెండు కొసలూ ఒకచోట కలిపి కస్టమ్స్ అధికారి సీసపు ముద్ర వేస్తాడు. బండి ముందూ వెనకా నీలి పలక మీద తెల్లగా టీఐఆర్ అనే అక్షరాలు. 1959లో దేశాల మధ్య కుదిరిన ఒప్పందం అది. ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే మధ్య దేశాలు సరుకు విప్పి చూడవు, సుంకం అడగవు, కాగితం మీద ముద్ర కొట్టి వదిలేస్తాయి. తాడు తెగిందా, ఎక్కడో దొంగలు పట్టా కోశారా, ఆ డ్రైవరు కథ కంచికే. రోజుల తరబడి సరిహద్దులో కూర్చోవాలి. కాబట్టి పొద్దున లేవగానే వాళ్లు ఇంజను నూనె చూసేకంటే ముందు బండి చుట్టూ తిరిగి తాడు చూసుకునేవారు. మన దేశం ఈ టీఐఆర్ ఒప్పందంలో చేరింది 2017లో.

మన లారీకి డ్రైవరు తోడుగా క్లీనరు ఉంటాడు. చక్రం కింద రాయి పెట్టడానికీ, నిద్ర రాకుండా కబుర్లు చెప్పడానికీ ఒక మనిషి ఉంటాడు. ఆ బ్రిటిష్ డ్రైవరు చాలాసార్లు ఒంటరి. ట్రెయిలరు కింద ఒక పెట్టె, అందులో గ్యాసు పొయ్యి, డబ్బాల్లో కూరలు, నీళ్ల క్యాను. వంట తనే, మరమ్మతు తనే, కాగితాలు తనే. ఇంటినుంచి కబురు రావాలంటే టెలెక్స్ ఉన్న హోటలే గతి. అందుకే ఎడారిలో ఆగిపోయిన బండిని దాటి వెళ్లిపోవడం వాళ్లలో మహాపరాధం. ఏ కంపెనీవాడైనా, ఏ దేశంవాడైనా ఆగి అడగవలసిందే. 1977లో బీబీసీ ఆస్ట్రాన్ డ్రైవర్ల వెంట వెళ్లి ‘డెస్టినేషన్ దోహా’ అనే డాక్యుమెంటరీ తీసింది. అప్పుడుగానీ బ్రిటన్‌లో మామూలు జనానికి ఈ మనుషుల సంగతి తెలియలేదు.

ఇప్పుడు పడక సంగతికి వద్దాం. ఈ డ్రైవర్లు గై, ఏఈసీ, అట్కిన్సన్ బండ్లలో పోయినప్పుడు ఎక్కడ పడుకునేవారు? సీటు మీదనుంచి ఇంజను మూపురం మీదుగా ఒక చెక్క అడ్డంగా వేసుకుని దాని మీద. వారాల తరబడి అదే శయ్య. 1960ల చివర్లో స్వీడన్ నుంచి వోల్వో, స్కానియా లారీలు బ్రిటన్‌లోకి వచ్చాయి. వాటిలో సీటు వెనక అసలైన పడక ఉంది. హీటరు బండితోనే వచ్చేది. చప్పుడు తక్కువ. స్వీడన్‌లో దూరాలు ఎక్కువ, చలి ఎక్కువ, అందుకని వాళ్లు డ్రైవరు రాత్రి సంగతి ముందే ఆలోచించారు. వోల్వో ఎఫ్88ను చూసిన డ్రైవరు మళ్లీ చెక్క పడక వైపు చూడలేదు. ఆస్ట్రాన్ కూడా స్కానియాలకే మారింది.

బ్రిటిష్ కంపెనీలకు విషయం అర్థం కాలేదని కాదు. 1973లో ఈఆర్‌ఎఫ్ ‘యూరోపియన్’ అనే బండి తెచ్చింది. ఉక్కు క్యాబిన్, పడక, కమిన్స్ ఇంజను. మధ్యప్రాచ్యం పోయినవాళ్లు దాన్ని మెచ్చుకున్నారు. కానీ తయారైనవి చాలా కొద్ది. అదే ఏడాది లేలాండ్ ‘మారథాన్’ తెచ్చింది. అప్పటికే ఆలస్యం. 1968లో లేలాండ్, ఏఈసీ, గై, స్కామెల్, ఆల్బియన్ అన్నీ కార్ల కంపెనీలతో కలిసి బ్రిటిష్ లేలాండ్ అనే ఒకే గొడుగు కిందికి చేరాయి. కార్ల నష్టాలు లారీల లాభాలను తినేశాయి. 1975లో ప్రభుత్వమే దాన్ని చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. ఏఈసీ ఫ్యాక్టరీ 1979లో మూతబడింది. గై 1982లో, స్కామెల్ 1988లో. ఫోడెన్ పేరు 2006లో, ఈఆర్‌ఎఫ్ పేరు ఆ మరుసటి ఏడు పోయాయి.

దారి కూడా మూసుకుపోయింది. 1979లో ఇరాన్ విప్లవం, 1980లో ఇరాన్–ఇరాక్ యుద్ధం, 1990లో కువైట్ మీద ఇరాక్ దాడి, 1991 నుంచి యుగోస్లావియాలో అంతర్యుద్ధం. ఈలోగా గల్ఫ్ రేవులు పెద్దవయ్యాయి, కంటెయినర్ ఓడలు వచ్చాయి. లారీ మీద పంపే అవసరం తగ్గింది.

లేలాండ్ పేరు మాత్రం ఇంకా రోడ్డు మీద ఉంది, మన దగ్గర. లేలాండ్ ఊళ్లోని ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది గానీ, అక్కడి లారీల మీద ఉండే పేరు డాఫ్. మద్రాసులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ లేలాండ్‌తో చేయి కలిపి 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఎన్నూర్‌లో కామెట్ లారీలు చేసింది. మన ట్రంకు రోడ్డు మీద వినబడింది ఆ మోతే.

ఆ కామెట్లలో చాలావాటిని ఫ్యాక్టరీ ఛాసిస్‌గా అమ్మేది. క్యాబిన్ కట్టేది మన వడ్రంగులే. విజయవాడ ఆటోనగర్‌లో కర్రతో చట్రం కట్టి, రేకు కొట్టి, రంగులేసి, సీటు వెనక వెడల్పుగా ఒక బల్ల కూడా బిగించేవారు. డ్రైవరు తోలుతుంటే క్లీనరు, క్లీనరు కాపలా కాస్తుంటే డ్రైవరు ఆ బల్ల మీద నడుం వాల్చేవారు. ఇంజినీరింగులో పేరుమోసిన కంపెనీలు కాగితం మీద గీయని పడకను, డ్రైవరుతో రోజూ మాట్లాడే ఆటోనగర్ మేస్త్రీ కొలత తీసి మరీ పెట్టాడు.

అలాగని మన డ్రైవరు సుఖపడ్డాడని చెప్పను. ఎండాకాలం ఆ క్యాబిన్ కొలిమే. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ పని ఎన్నడో జరగవలసింది.

లారీ యజమానులకు నాదొక మనవి. కొత్త బండి కొనేటప్పుడు మైలేజీ అడగండి, ఇంజను చూడండి, కమాన్‌కట్టలు లెక్కపెట్టండి. డబ్బు కట్టే ముందు మాత్రం ఒక్కసారి ఆ పడక మీద మీరే కాళ్లు చాపుకుని పడుకుని చూడండి. మీకు నిద్ర పట్టే బండినే మీ డ్రైవరుకు ఇవ్వండి.